టికెట్టు కొనిచ్చాం, మరి బీమా?
విదేశాలకు వెళ్లే విద్యార్థుల, అతిథి పరిశోధకుల ఆరోగ్య బీమాపై ఒక అవగాహన పాఠం



ఏటా జూన్, జూలై నెలలు వచ్చేసరికి మన సొసైటీకి విదేశీ చదువుల దరఖాస్తులు వస్తాయి. తండ్రో మేనమామో వెంట వచ్చి ఖర్చుల చిట్టా మా ముందు పెడతారు. మొదటి సెమిస్టర్ ఫీజు, వీసా ఖర్చు, విమానం టికెట్టు, ఇంటి అద్దె మొదలుకొని ప్రెషర్ కుక్కర్ వరకు అందులో అన్నీ ఉంటాయి. ఆరోగ్య బీమా మాత్రం చాలా చిట్టాల్లో కనిపించదు. కనిపించినా, "అది తగ్గించుకోవచ్చులెండి" అంటారు.

కొన్నేళ్ల క్రితం మన సహాయంతో ఒక అబ్బాయి అమెరికా వెళ్లాడు. విశ్వవిద్యాలయం వారి బీమా ఖరీదెక్కువని ఒక చవక పాలసీ కొని, దాన్ని చూపించి ఆ రుసుము మాఫీ చేయించుకున్నాడు. రెండో సెమిస్టర్‌లో కడుపునొప్పి వచ్చింది. బిల్లుకు భయపడి రెండు రోజులు మాత్రలతో ఓర్చుకున్నాడు. తోటి కుర్రాళ్లు ఆసుపత్రికి చేర్చేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది. కానీ ఆ పాలసీ ఒక్కో జబ్బుకు ఇచ్చే మొత్తం సగం బిల్లుకే అయిపోయింది. మిగతాది ఆ కుటుంబం మీద పడింది. అబ్బాయిని తప్పుపట్టడం తేలికే. అయితే మా దరఖాస్తు ఫారంలో బీమా గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. ఆ పొరపాటు మాది. ఈ పాఠం రాయడానికి కారణం అదే.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికాకు పరిశోధనకు, బోధనకు అతిథులుగా వెళ్లేవారిలో ఎక్కువమంది జె-1 వీసా మీద వెళతారు. వీరికి బీమా ఎంత ఉండాలో ఆ దేశ ప్రభుత్వమే నిర్ణయించింది. 2015 మే నుండి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్యం, రోగిని స్వదేశానికి తరలించడానికి 50,000 డాలర్లు, మరణిస్తే భౌతికకాయాన్ని పంపడానికి 25,000 డాలర్లు పాలసీలో ఉండాలి. వెంట వెళ్లే భార్యకు లేదా భర్తకు, పిల్లలకు కూడా ఇదే నియమం. కావాలని బీమా లేకుండా ఉంటే ఆ కార్యక్రమం నుండే తొలగిస్తారు.

మన పిల్లలు ఎక్కువగా వెళ్లే ఎఫ్-1 విద్యార్థి వీసాకు ఇలాంటి జాతీయ నియమం లేదు. ఎవరి నియమం ఆ విశ్వవిద్యాలయానిదే. చాలాచోట్ల బీమా రుసుమును నేరుగా విద్యార్థి ఫీజు ఖాతాలో కలిపేస్తారు. తమ షరతులకు సరిపోయే మరో పాలసీ ఉందని గడువులోగా చూపిస్తే కొన్ని చోట్ల మాఫీ చేస్తారు. విశ్వవిద్యాలయ బీమా చాలాచోట్ల ఏడాదికి 2,000 డాలర్లు దాటుతోంది కాబట్టి చవక పాలసీల వైపు మనసు లాగడం సహజం.

బిల్లును ఎలా పంచుకుంటారు?

బీమా ఉంటే మొత్తం వాళ్లే కడతారని మనలో చాలామంది అనుకుంటాం. ఒక లెక్క చూద్దాం. ఆసుపత్రి బిల్లు 20,000 డాలర్లు అయిందనుకోండి. పాలసీలో 'డిడక్టిబుల్' 500 డాలర్లు, 'కో-ఇన్సూరెన్స్' 20 శాతం ఉన్నాయి. మొదటి 500 డాలర్లు విద్యార్థే కట్టాలి. మిగిలిన 19,500 లో 20 శాతం, అంటే 3,900 కూడా అతనిదే. మొత్తం 4,400 డాలర్లు. మంచి పాలసీల్లో ఏడాదికి విద్యార్థి కట్టే దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. చవక పాలసీల్లో చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంటుంది. కంపెనీ కట్టే దానికే పరిమితి ఉంటుంది. ఆ అబ్బాయి విషయంలో జరిగింది ఇదే.

"ఎమర్జెన్సీలో డబ్బు లేకపోయినా చూస్తారట కదా" అని తల్లిదండ్రులు అడుగుతారు. అందులో సగమే నిజం. 1986 నాటి చట్టం ప్రకారం అక్కడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలు డబ్బుతో సంబంధం లేకుండా పరీక్షించి, రోగి పరిస్థితిని కుదుటపరచాలి. కానీ బిల్లు మాత్రం తర్వాత ఇంటికి వస్తుంది. అందుకే చిన్న జబ్బులకు ముందుగా క్యాంపస్‌లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలని, ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆలోచించకుండా 911 కు ఫోన్ చేయాలని పిల్లలకు చెప్పి పంపాలి.

తరచుగా మరచిపోయేవి

ఆస్తమా, షుగర్, థైరాయిడ్ వంటి పాత జబ్బులు ఉన్న పిల్లలకు పాలసీ వాటిని కలుపుకుంటుందా, కొంతకాలం ఆగమంటుందా అన్నది ముందే చూడాలి. భార్యతో వెళ్లే పరిశోధకులు కాన్పు ఖర్చు సంగతి అడగాలి. చదువు పూర్తయ్యాక ఉద్యోగ శిక్షణ కాలంలో విశ్వవిద్యాలయ బీమా సాధారణంగా ఆగిపోతుంది. ఉద్యోగం దొరికేదాకా ఉండే ఆ ఖాళీ నెలలే ప్రమాదం.

ఇతర దేశాల పద్ధతులు వేరు. బ్రిటన్‌లో విద్యార్థులు వీసా దరఖాస్తుతోపాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుము ముందుగా కట్టాలి. అది 2024 ఫిబ్రవరి నుండి వచ్చిన రేటు. వీసా కాలం 16 నెలలైతే 1,164 పౌండ్లు. ఆస్ట్రేలియాకు వెళ్లేవారు వీసా ఉన్నంతకాలానికీ విద్యార్థి బీమా తీసుకోవాలి. జర్మనీలో బీమా రుజువు లేనిదే విశ్వవిద్యాలయంలో నమోదు చేసుకోరు.

ఇంకో మాట చెప్పడం కష్టమే అయినా చెప్పాలి. పరదేశంలో బిడ్డ చనిపోతే భౌతికకాయాన్ని తెప్పించడానికి చందాలు పోగుచేయమని వాట్సాప్‌లో వచ్చే విన్నపాలు మనందరం చూస్తున్నాం. పాలసీలో ఆ అంశం ఉంటే ఆ కుటుంబం చెయ్యి చాచవలసిన పని ఉండదు. ఆలస్యం కాకుండా అక్కడే జనాజా, ఖననం జరిపించాలనుకుంటే ఆ ఖర్చు పాలసీ ఇస్తుందో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి.

జకాత్ సొమ్ముతో ప్రీమియం కట్టవచ్చా?

దాతలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. 1985 లో జెడ్డాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ వ్యాపార బీమా ధర్మసమ్మతం కాదని, పరస్పర సహకారంపై నడిచే బీమా సమ్మతమేనని తీర్మానించింది. చట్టమో విద్యాసంస్థో తప్పనిసరి చేసినచోట వెసులుబాటు ఉందని చెప్పే పండితులూ ఉన్నారు. తీర్పు చెప్పే స్థాయి మాది కాదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. మా వరకు, బీమా సహాయాన్ని జకాత్ ఖాతాతో కలపకుండా సాధారణ విరాళాల నిధి నుండి మాత్రమే ఇవ్వాలని నిర్ణయించుకున్నాం.

మేము మార్చుకున్నది, మీరు చేయగలిగేది

ఇప్పుడు మా ఫారంలో నాలుగు ప్రశ్నలు చేర్చాం. ఒక్కో జబ్బుకు పాలసీ ఎంతవరకు ఇస్తుంది? విద్యార్థి చేతి నుండి ఎంత పోతుంది? పాత జబ్బులు కలుస్తాయా? ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు? వీటికి జవాబు రాశాకే టికెట్టు మాట. జవాబు తెలియని వారితో కూర్చుని పాలసీ కాగితాలు కలిసి చదువుతున్నాం. ఆ భాష అర్థమయ్యే డాక్టర్లు, బీమా రంగంలో పనిచేసినవారు మన దాతల్లోనే ఉన్నారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇవ్వగలిగితే, అది డబ్బు కన్నా తక్కువ విరాళం కాదు.

ఇకపై ఎవరైనా విద్యార్థికి టికెట్టు కొనిచ్చేటప్పుడు, "బీమా ఏం తీసుకున్నావు బాబూ?" అని ఒక్క మాట అడగండి. ఆ అబ్బాయిని వెళ్లేముందు మాలో ఎవరూ ఆ మాట అడగలేదు. అతను ఇప్పుడు ఉద్యోగం చేస్తూ ఆ బాకీ నెలనెలా తీర్చుకుంటున్నాడు. పోయిన రంజాన్‌లో మన నిధికి కొంత సొమ్ము పంపాడు. తర్వాత వెళ్లే విద్యార్థి బీమాకే దాన్ని వాడమని రాశాడు. అలాగే వాడాం.