వెంట్ ఎప్పుడు? గో ఎప్పుడు?



"నిన్న నేను బడికి పోలేదు" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే పదో తరగతి వాళ్లలో కూడా చాలామంది "ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్" అంటారు. జరిగిపోయిన పని కాబట్టి వెంటే రావాలని వాళ్ల లెక్క. లెక్క తెలివైనదే, వాక్యమే తప్పు. ఇంత చిన్న తప్పుకు పక్కవాళ్లు నవ్వితే ఆ తరువాత ఏడాదంతా నోరు విప్పని పిల్లలున్నారు. 2022-23 నుండి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలయ్యాక, నోరు విప్పనివాడికి సైన్సు, సోషల్ కూడా దూరమవుతున్నాయి. అందుకే మేము ఈ పాఠం రాస్తున్నాము.

ఇంట్లో ఇంగ్లీషు తెలిసినవాళ్లుంటేనే గ్రామర్ వస్తుందని కొందరంటారు. మేము ఒప్పుకోము. బడి మొఖం చూడని మన అమ్మ నోట్లోనే ఈ సూత్రం ఉంది. ఆమె మాట గమనించండి. "నేను పోయిన, నువ్వు పోయినవు, వాడు పోయిండు" అంటుంది. మనిషి మారితే క్రియ మారింది. అదే "లేదు" వచ్చిందంటే "నేను పోలే, నువ్వు పోలే, వాడు పోలే". అన్నీ ఒకటే! "పోయినలేదు" అని ఎవరూ అనరు. కాలం సంగతి "లేదు" చూసుకుంటుంది, ముందున్న "పో" మామూలుగా ఉండిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని "డిడ్" చేస్తుంది. డిడ్ వచ్చాక వెంట్ అక్కరలేదు, గో చాలు. "ఐ డిడ్ నాట్ గో." ప్రశ్నలోనూ అంతే, "డిడ్ యూ గో?" డిడ్ లేనప్పుడే "ఐ వెంట్". పైగా ఇంగ్లీషులో ఐ అయినా, హీ అయినా, దే అయినా వెంట్ ఒక్కటే. ఈ విషయంలో మన తెలుగే కష్టం.

గోకు వెంట్ ఏమిటని విసుక్కోకండి. వెంట్ అసలు వెండ్ అనే వేరే క్రియకు భూతకాల రూపం, తరువాత గో దగ్గరికొచ్చి చేరింది. మనం మాత్రం "రా" అని పిలిచి, "వచ్చిన" అని బదులు చెప్పడం లేదా? ఇలాంటి క్రియలను రోజుకు నాలుగైదు చొప్పున కంఠస్థం చేయవలసిందే, వేరే దారి లేదు.

మిగతా క్రియలకు చివర "ఈడీ" చేరుతుంది. పలకడంలోనే చిక్కు. వాక్, హెల్ప్ లాంటి మాటలు క, ప వంటి పరుషాలతో ముగుస్తాయి కాబట్టి వాక్ట్, హెల్ప్ట్ అనాలి. వాష్ కూడా వీటి జట్టే, వాష్ట్. ప్లే, ఓపెన్ వంటి వాటికి సరళమైన డకారం, ప్లేడ్, ఓపెన్డ్. వాంట్, నీడ్ లాగ ముందే ట్, డ్ ఉంటే నోరు తిరగదు కనుక వాంటిడ్, నీడిడ్.

ఇక భవిష్యత్ కాలం. ఇక్కడ తెలుగు కొంచెం మోసం చేస్తుంది. "రోజూ బడికి పోతాను", "రేపు సిరిసిల్లకు పోతాను", రెండింటిలోనూ "పోతాను" ఒకటే. మొదటిది మన వ్యాకరణంలో తద్ధర్మం, అంటే అలవాటు. రెండవది భవిష్యత్తు. ఇంగ్లీషులో ఇవి వేరు. అలవాటుకు "ఐ గో", రేపటికి "ఐ విల్ గో". అనుమానం వస్తే తెలుగు వాక్యం ముందు "రోజూ" పెట్టి చూడండి, తరువాత "రేపు" పెట్టి చూడండి. ఏది అతికితే దాన్నిబట్టి రాయండి. ముందే నిర్ణయించుకున్న పనికి "ఐ యామ్ గోయింగ్ టు" కూడా వాడతారు.

"ఇఫ్" తరువాత విల్ పెట్టడం మరో తప్పు. "రేపు వాన పడితే రాను" అనే వాక్యంలో "పడితే" అన్నచోట మనం భవిష్యత్తు చూపించము, "రాను"లోనే చూపిస్తాము. ఇంగ్లీషూ అంతే. "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ఐ విల్ నాట్ కమ్."

కింది వాక్యాలను ఇంగ్లీషులో చెప్పండి. రాయడం కాదు, పక్క మంచం మీది తమ్ముడికి వినబడేలా పైకి చెప్పండి.

అమ్మ రోజూ బీడీలు చేస్తుంది. నాయిన నిన్న సాంచాల మీదికి పోలేదు. రేపు బస్సు రాకపోతే మేము ముస్తాబాద్‌కు నడిచి వస్తాము.