ఉద్యానము – ప్రమదవనము : బొల్లారం రాష్ట్రపతి నిలయం

అమరకోశంలోని వనౌషధివర్గం తోటల పేర్లను కేవలం పర్యాయపదాలుగా పేర్చలేదు. తోట ఎవరిది, అందులో ఎవరికి ప్రవేశం అన్న భేదమే అక్కడ ప్రధానం. మంత్రుల, గణికల ఇండ్లకు చేరినది వృక్షవాటిక. రాజుదై యుండియు సాధారణమైనది ఆక్రీడము లేక ఉద్యానము. అదే అంతఃపురోచితమైనచో ప్రమదవనము. ఇచట ‘సాధారణ’ శబ్దానికి నేటి తెలుగులోవలె ‘మామూలు’ అని అర్థం చెప్పరాదు. పలువురికి ఉమ్మడియైనది అని చెప్పవలెను. తెలుగు వాడుకలో ఈ హద్దు చెరిగి, ప్రతి తోటయు ఉద్యానవనమే అయినది.

సికింద్రాబాదులో యాప్రాల్‌కు చేరువనున్న బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం విషయంలో ఈ భేదం మరల ప్రాణం పోసుకొన్నది. 1860లో నిర్మితమైన ఈ ఒంటి అంతస్తు భవనం బ్రిటిష్ రెసిడెంటుకు విడిదిగా ఉండెను. స్వాతంత్ర్యానంతరం రాష్ట్రపతుల దక్షిణాది విడిదియైనది. ఆవరణ సుమారు 90 ఎకరాలు. చిరకాలం రాష్ట్రపతి విడిది ముగిసిన పిదప ఏటా పక్షం రోజులపాటు మాత్రమే జనులను లోపలికి అనుమతించెడివారు. అమరుని పరిభాషలో అది అప్పుడప్పుడు తలుపు తెరచిన ప్రమదవనమే గాని ఉద్యానము కాదు.

2023 మార్చి 22న, శోభకృత్ ఉగాదినాడు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని ఏడాది పొడవునా సందర్శనకు తెరచిరి. రాష్ట్రపతి విడిది చేయు దినములు, సోమవారములు మినహాయింపు. ప్రవేశానికి రుసుము కలదు. కావున ఈ సాధారణత్వం పరిమితమే. అయినను ఏటేటా లభించు అనుగ్రహానికిని, నియమబద్ధమైన ప్రవేశానికిని గల అంతరం స్వల్పమైనది కాదు. మొదటిది ప్రభువు ఇచ్ఛ. రెండవది జనులు అడిగి పొందదగినది. లోపల నక్షత్రవాటిక కూడ ఉన్నది. అమరుని లెక్కన ‘వాటిక’ మంత్రుల ఇంటి మాట గనుక, ఈ నామకరణంలో కోశకారునికంటె వాడుకదే పైచేయి.

తోటకంటె ఇల్లు తెరచుట మరింత విశేషం. ‘నిలయ’ శబ్దం ని-పూర్వకమైన ‘లీ’ ధాతువునుండి వచ్చినది. ఒదిగియుండు చోటు అని వ్యుత్పత్తి. అట్టి ఇంటిలో మిక్కిలి మరుగైన భాగం వంటశాలనుండి భోజనశాలకు ఆహారం చేర్చిన సొరంగ మార్గం. నేడు సందర్శకులు అందులోనే నడచుచున్నారు. దాని గోడలపై చేర్యాల చిత్రాలు వెలసినవి. పల్లెలలో కులపురాణం చెప్పువారు పటం విప్పి పదిమందికి చూపుటకై పెరిగిన చిత్రకళ అది. వడ్డనవారు పళ్లెములతో సాగిన త్రోవలో ఇప్పుడు గోడకెక్కినది.