బొక్కసము - ధర్మము : పన్నునందును వ్యయమునందును సమత

బొక్కసపు తాళము చేతనున్నవాడు ధనమునకు కాపరియే గాని యజమాని కాడు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బిజ్జలుని కొలువులో భండారిగా నుండిన బసవేశ్వరుని చరిత్ర ఈ ధర్మమునే బోధించుచున్నదని వీరశైవ సంప్రదాయము. రాజ్యమునకు వచ్చు ప్రతి రూపాయియు ఎవరో ఒకరి కాయకఫలము. అది మరల సంఘమునకు చేరుటయే దాసోహము. కావున ఎవరినుండి ఎంత తీసికొనుచున్నారు, ఎవరికై వెచ్చించుచున్నారు అను రెండు ప్రశ్నలతో ప్రభుత్వ బడ్జెట్టును పరీక్షింపవలెను.

పన్ను భారము

1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించెను. థామస్ మన్రో 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా నుండి, పొలము పొలమును కొలిపించి రైతువారీ శిస్తు నిర్ణయించెను. ఆ శిస్తు అధికమని గ్రహించి 25 శాతము తగ్గింపవలెనని ఆయనయే సిఫారసు చేసెను. అది వెంటనే అమలు కాలేదు. 1820లో ఆయన మద్రాసు గవర్నరైన పిమ్మటనే ఆ తగ్గింపునకు దారి ఏర్పడినది. మిడుతూరు గల నందికొట్కూరు ప్రాంతము కర్నూలు నవాబు ఏలుబడి నుండి 1839లో కంపెనీ వశమై, ఈ శిస్తు విధానము క్రిందికి వచ్చినది. పండినను ఎండినను ఒకే శిస్తు అడిగినచో చిన్న రైతు అప్పులపాలగును. చెల్లించు శక్తినిబట్టి పన్ను ఉండవలెనన్న సూత్రము ఇందుండియే బోధపడుచున్నది.

నేటి ఆదాయపు పన్ను ఆదాయము పెరిగినకొలది పెరుగును. 2017 జూలై 1న వచ్చిన వస్తు సేవల పన్ను అట్టిది కాదు. సబ్బుబిళ్ల కొనునపుడు కూలివాడును మిల్లు యజమానియు ఒకే రేటున చెల్లించెదరు. సంపాదనలో అధికభాగము సరుకులకే ఖర్చగు పేదకు ఆ భారము హెచ్చు. అందుచేతనే నిత్యావసరములపై తక్కువ రేటు, భోగవస్తువులపై ఎక్కువ రేటు ఉండుట న్యాయము.

వ్యయమున న్యాయము

సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరు కర్నూలు - కడప కాలువను 1860 దశకమున ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్వించెను. ఆ కంపెనీ మూలధనములో 10 లక్షల పౌండ్లకు 5 శాతము వడ్డీ ప్రభుత్వము హామీ ఇచ్చెను. నల్లరేగడి రైతులు రొక్కము చెల్లించి నీరు తీసికొనుటకు మొదట సంశయించిరి. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. లాభము పొందువారు పరులై నష్టము మాత్రము బొక్కసమునకు చెందుట ఎట్టిదో ఈ కథ తెలుపుచున్నది. అయినను ఆ కాలువ నేటికిని వేల కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. మిడుతూరు మండలమందలి అలగనూరు జలాశయము ఈ ఆయకట్టు స్థిరీకరణకే నిర్మితమైనది. కట్టుటకు నిధి కేటాయించుట ఎంత ముఖ్యమో, ఏటేట మరమ్మతునకు కేటాయించుటయు అంతే ముఖ్యము. కాలువ చెడినచో మొదట నష్టపోవునది చివరి పొలములవాడే.

ఒక చేత ఇచ్చి మరొక చేత తీసికొనుట

1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యము పథకమును ప్రారంభించెను. పేద ఇంట పొయ్యి వెలిగినది. అదే కాలమున సారా ఆదాయము ఖజానాకు ముఖ్యాధారముగా నుండెను. బియ్యముపై మిగిలిన కూలి డబ్బు సారా దుకాణమున పోవుచుండెను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన ఉద్యమము ఈ లెక్కను లోకమునకు చూపినది. 1993లో సారా, 1995 జనవరిలో సర్వ మద్యము నిషేధింపబడెను. ఆదాయము తగ్గగా 1996లో బియ్యము ధర 3 రూపాయల 50 పైసలకు పెంచబడెను. 1997లో నిషేధము సడలింపబడెను. ఇందలి పాఠమేమనగా, మంచి పనిని తలపెట్టునపుడే దానికి ప్రత్యామ్నాయ ఆదాయమును వెదకవలెను. లేనిచో ఆ లోటును తిరిగి పేదయే భరింపవలసి వచ్చును.

పఠనమునకు సూచన

రాజ్యాంగము 202వ అధికరణము ననుసరించి ఏటేట ఆదాయవ్యయ పట్టిక శాసనసభ ముందుంచబడును. మఠములందును గ్రామసభలందును ఈ విషయములను చర్చించుట మేలు. పన్నులలో ఏ భాగము నిత్యావసరములనుండి వచ్చుచున్నది? బడి, వైద్యశాల, కాలువలకు కేటాయించినదెంత, సంవత్సరాంతమునకు నిజముగా వ్యయమైనదెంత? చేసిన అప్పు పంట పెంచు పనులకా, దినవెచ్చములకా? బాలిక చదువునకు, కూలివాని ఆరోగ్యమునకు చేయు వ్యయము దానము కాదు. రేపటి కాయకమునకు వేయు విత్తనము. ఈ లెక్కలు చదువనేర్చిన ఊరు తనకు రావలసినదానిని తానే అడుగగలదు.