ఝాన్సీ రాణి: కత్తి కంటే ముందు కాగితం

మా తరంలో చాలామందికి మొదటి చరిత్ర టీచర్ టీవీనే. నాకైతే 2009లో జీ టీవీలో మొదలైన ‘ఝాన్సీ కీ రాణీ’. హోంవర్క్ సగంలో వదిలేసి టీవీ ముందు కూర్చునేదాన్ని. బామ్మకి హిందీ రాదు కాబట్టి నేనే దుబాసీని. నా హిందీ కూడా అంతంతమాత్రమే. అర్థం కానిచోట సొంత డైలాగులు కలిపేసేదాన్ని. చిన్నారి మనుగా ఉల్కా గుప్తా ముసుగేసుకుని, ‘క్రాంతి గురు’ పేరుతో తెల్లదొరల్ని ముప్పుతిప్పలు పెడుతుంటే బామ్మ చప్పట్లు కొట్టేది. 2015లో వచ్చిన మన ‘రుద్రమదేవి’ సినిమాలో చిన్ననాటి రుద్రమ కూడా ఈ అమ్మాయే.

ముసుగు వీరుడి కథ సీరియల్ వాళ్ల కల్పన. మరి చరిత్రలో అసలు థ్రిల్ ఎక్కడుంది? నన్నడిగితే, యుద్ధానికి నాలుగేళ్ల ముందు ఒక లాయర్‌తో జరిగిన సంభాషణలో ఉంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. లక్ష్మీబాయికి పుట్టిన బిడ్డ నెలల పసికందుగానే పోయాడు. 1853 నవంబరులో రాజు గంగాధరరావు చనిపోయే ముందు, కంపెనీ అధికారి ఎదుటే ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నాడు. అయినా గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒప్పుకోలేదు. దత్తపుత్రుడికి సొంత ఆస్తి దక్కుతుంది గానీ రాజ్యం దక్కదన్నాడు. 1854లో ఝాన్సీని కలిపేసుకుని, రాణికి ఏడాదికి 60,000 రూపాయల పింఛను ప్రకటించారు.

అప్పుడు రాణి కత్తి తియ్యలేదు, కలం తీసింది. అర్జీ మీద అర్జీ పంపింది. ఆస్ట్రేలియాలో పుట్టిన జాన్ లాంగ్ అనే లాయర్‌ని ఝాన్సీకి పిలిపించుకుంది. తెర వెనక నుంచే మాట్లాడింది. ఝాన్సీని ఇచ్చేది లేదన్న ఆమె మాట మనందరికీ తెలుసు కదా, దాన్ని రాసిపెట్టింది ఈ లాంగే! మనం యుద్ధభూమిలో ఊహించుకునే ఆ మాట, నిజానికి ఒక కేసు గురించిన చర్చలో వచ్చింది.

ఆ అర్జీలేవీ ఫలించలేదు. 1857లో తిరుగుబాటు వచ్చింది. 1858 మార్చిలో హ్యూ రోజ్ సైన్యం ఝాన్సీ కోటను ముట్టడించింది. అదే ఏడాది జూన్‌లో గ్వాలియర్ దగ్గర పోరాడుతూ ఆమె నేలకొరిగింది.

ఈ వరుస తెలిస్తే కథే మారిపోతుంది. పుట్టుకతోనే యుద్ధం కోరుకున్న మనిషిలా కాకుండా, న్యాయం కోసం ఉన్న దారులన్నీ తట్టి చూసిన పాలకురాలిలా కనిపిస్తుంది. గుర్రపు స్వారీకి చప్పట్లు కొట్టడం తేలిక; జవాబు రాదని అనుమానమున్నా ఇంకో అర్జీ రాయడానికి కావాల్సిన ఓపిక కెమెరాకి అందదు.

సీరియల్ చూడొద్దని కాదు. అది లేకపోతే నేను ఈ పుస్తకాల జోలికే వెళ్లేదాన్ని కాదు. ఈసారి చారిత్రక సీరియల్లో ఒక డైలాగ్‌కి ఒళ్లు గగుర్పొడిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాట ఎవరు విన్నారు, ఎప్పుడు రాశారు?