ఐదు నిమిషాలు ఆగగలరా?

రాత్రి రెండున్నర. వరండాలో ధడధడమని చప్పుడు. లైటు వేస్తే కుక్క పక్కకు పడిపోయి ఉంది. కాళ్ళు బిగుసుకుపోయాయి, మెడ వెనక్కి విరుచుకుంది. మరుక్షణం నాలుగు కాళ్ళూ ఈత కొడుతున్నట్టు ఆడటం మొదలైంది. నోట్లో నురగ. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మిమ్మల్ని చూడటం లేదు. ఉన్నచోటే మూత్రం పోసేసింది.

ఇప్పుడేం చేస్తారు?

పల్నాడు మనిషినడిగితే “ఏదో ఒకటి చెయ్యాలి గదా!” అంటాడు. పల్నాటి వీరుడు బాలచంద్రుడి కథ వింటూ పెరిగినవాళ్ళం, దూకడం మనకి అలవాటు. నరసరావుపేట సెంటర్లో బండి జారిపడితే ముందు పదిమంది పరుగెత్తుకొస్తారు, ఏమైందని తర్వాత అడుగుతారు. మంచి గుణమే, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కుక్కకి ఫిట్స్ వచ్చినప్పుడు మాత్రం ఆ తొందరే కొంప ముంచుతుంది.

చూడండి, ఆ నిమిషంలో ఇంట్లోవాళ్ళు చేసే పనులు. ఒకరు నాలుక మింగేస్తుందేమోనని నోట్లో చెయ్యి పెడతారు. కుక్క నాలుక మింగదు. దవడ బిగిసి ఉంటుంది కాబట్టి, దానికి తెలియకుండానే మీ వేలు కొరికేస్తుంది. మరొకరు నోట్లో నీళ్ళు పోస్తారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకొకరు తాళంచెవుల గుత్తి తెచ్చి కాళ్ళ మధ్య పెడతారు, ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర అదుముతారు. వీటివల్ల కలిసొచ్చేదేమీ లేదు. మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా అదుపు తప్పి సంకేతాలు పంపడం వల్ల వచ్చే మూర్ఛ అది. చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. ఆగగానే “ఉల్లిపాయ పనిచేసింది” అంటారు, అదీ సంగతి.

మీరు చెయ్యాల్సినవి తక్కువే. చుట్టూ ఉన్న కుర్చీలు, పూలకుండీలు జరపండి. మెట్ల పక్కన పడి ఉంటే నడుము వైపు నుంచి మెల్లగా లాగండి. మన ఇళ్ళలో గచ్చు మాచర్ల నాపరాళ్ళతో వేసింది, తల కొట్టుకుంటే దెబ్బ గట్టిగానే తగులుతుంది. పాత బొంతో, మడిచిన దుప్పటో తల కిందికి తొయ్యండి. టీవీ, పెద్ద లైటు ఆపేయండి. పిల్లల్ని లోపలికి పంపండి. ఫోనులో టైము చూసుకోండి. వీలైతే ఇంట్లో మరొకర్ని వీడియో తియ్యమనండి.

ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోండి. కష్టమైన పని ఇదే.

టైము ఎందుకు చూడాలంటే, భయంలో ఉన్న మనిషికి నిమిషం పది నిమిషాలు. “అరగంట కొట్టుకుంది డాక్టరు గారూ” అని చెప్తారు, వీడియో చూస్తే నిమిషన్నర ఉంటుంది. ఆ తేడా వైద్యుడికి చాలా ముఖ్యం. మూర్ఛ ఐదు నిమిషాలు దాటితే అది అత్యవసరం, ఇక ఆలోచించకుండా బండి తియ్యండి. 24 గంటల్లో రెండోసారి వచ్చినా, ఒకటి పూర్తిగా తేరుకోకముందే మరొకటి వచ్చినా అంతే. ఎడతెగకుండా కొట్టుకుంటే ఒళ్ళు సలసలా కాగిపోతుంది, మెదడు దెబ్బతింటుంది. ఐదు నిమిషాల లోపు అయితే ఆగనివ్వండి, తేరుకోనివ్వండి, తర్వాత తీసుకెళ్ళండి.

తేరుకోవడం కూడా చూడటానికి బాగుండదు. లేచి తూలుతుంది. గోడలకి గుద్దుకుంటుంది, కాసేపు చూపు కూడా ఆనకపోవచ్చు. అదేపనిగా తిరుగుతుంది, విపరీతంగా ఆకలేసినట్టు చేస్తుంది. పెంచినవాళ్ళనే గుర్తుపట్టక గుర్రుమనొచ్చు. కొన్నిటికి ఇది నిమిషాల్లో సర్దుకుంటుంది, కొన్నిటికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు దాటుతుంది కూడా. ఆ సమయంలో ముద్దులు, కౌగిలింతలు వద్దు. పేరు పెట్టి మెల్లగా పిలవండి, దూరంగా కూర్చోండి. పూర్తిగా తెలివి వచ్చాకే నీళ్ళు పెట్టండి.

సరిగ్గా ఇక్కడే వీధి లోపలికొస్తుంది. “పిచ్చెక్కిందిరా దానికి, కరవకముందే ఏదో ఒకటి చెయ్యండి” అని గోడ అవతల నుంచి ఒక గొంతు. అప్పటికే ఒకాయన చేతిలో కర్ర ఉంటుంది. ఆయన్ని తిట్టకండి, ఆయన భయంలో కొంత న్యాయం ఉంది. రేబిస్‌లో కూడా ఫిట్స్ వస్తాయి. మరి తేడా ఎలా? మూర్ఛ రోగం ఉన్న కుక్క తేరుకున్నాక మళ్ళీ మామూలు కుక్కే, మీ వెంట తోక ఊపుకుంటూ వస్తుంది. రేబిస్ వచ్చినది వెనక్కి రాదు. స్వభావం మారిపోతుంది, గొంతు మారుతుంది, మింగలేక చొంగ కారుస్తుంది, లక్షణాలు మొదలైన పది రోజుల్లోపే చచ్చిపోతుంది. కాబట్టి మీ కుక్కకి టీకాలు వేయించకపోయినా, ఈ మధ్య వీధికుక్క కరిచి ఉన్నా, దాన్ని ముట్టుకోకుండా గదిలో పెట్టి తలుపేసి వైద్యుణ్ణి పిలవండి. ఎవరికైనా పన్ను గాటు పడినా, గాయం మీద చొంగ పడినా సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి సర్కారు ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

టీకాలు సక్రమంగా వేయించారా? అయితే ఆ కార్డు తీసి చూపించండి. అరుపులకి అరుపులు జవాబు చెప్పవు, కార్డు చెప్తుంది. “బాబాయ్ గారూ, ఇది మూర్ఛ. మనుషులకి వచ్చేదే. టీకాలన్నీ వేయించాం, ఇదిగో తేదీ. ఇంకాసేపట్లో లేస్తుంది, మీరే చూద్దురు” అని మెత్తగా, తడబడకుండా చెప్పండి. ఇంటి ముందు పోగైన జనాన్ని ఒక్క మాటతో వెనక్కి పంపగలిగినవాడికి పంచాయితీలో మాట్లాడటం ఒక లెక్కా? టీకా వేయించనివాళ్ళకి ఒక మాట: ఏటా జులై 6న, జూనోసిస్ దినం నాడు, పశువైద్యశాలల్లో కుక్కలకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజున శాస్త్రవేత్త పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేయించాడు.

ఇక కారణాల సంగతి. ఫిట్స్ అన్నీ ఒకటి కావు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు మొదలై, పరీక్షలన్నీ బాగున్నా వస్తూ ఉంటే అది చాలావరకు పుట్టుకతో వచ్చిన మూర్ఛ. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, బీగిల్ జాతుల్లో ఎక్కువ. టీకా పడని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ జబ్బు కారణం కావచ్చు. చిన్న జాతి పిల్లలకి తిండి లేక రక్తంలో చక్కెర పడిపోయినా వస్తుంది. ఈనిన కొన్నాళ్ళకి పాలిచ్చే తల్లికి కాల్షియం పడిపోయి ఒళ్ళు బిగుసుకుంటుంది. ముసలి కుక్కకి మొదటిసారి వస్తే కాలేయం, కిడ్నీ, మెదడులో గడ్డ లాంటివన్నీ చూడాలి.

పల్నాడులో వీటికి ఇంకో రెండు కలపాలి.

మొదటిది ఎండ. రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతల వార్త వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు ముందుంటుంది. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 106 దాటితే వడదెబ్బ, దాని వెంటే ఫిట్స్. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం గొలుసుతో కట్టేసిన కుక్కకి ఇది ఎంతో దూరం లేదు. మామూలు నీళ్ళు పొట్ట మీద, కాళ్ళ మీద పోసి ఫ్యాను పెట్టి బయలుదేరండి, ఐసు గడ్డలు వద్దు. మంచు దేశపు హస్కీని డబ్బు పోసి కొనుక్కొచ్చి పల్నాడు మే నెలకి అప్పగించేవాళ్ళున్నారు. హోదా కోసం చేసే పనుల్లో అంతకంటే నిర్దయ ఇంకోటి లేదు.

రెండోది పురుగుమందు. మిర్చి, పత్తి పండించే ఇళ్ళలో మందు డబ్బా లేని మూల ఉండదు. మందు కలిపిన బకెట్టులో మిగిలిన నీళ్ళు, గుళికలు, ఎలుకల కోసం పెట్టిన ఎర, వీటిలో ఏది నాకినా చాలు. ఇంకా ఘోరం, గేదెలకి గోమార్లు పోవడానికి వాడే డెల్టామెత్రిన్ లాంటి మందుని అదే చేత్తో, లెక్కాజమా లేకుండా కుక్క ఒంటికి పూసెయ్యడం. పూసిన కాసేపటికి చొంగ, వణుకు, ఆపైన ఫిట్స్. చొంగతో పాటు వాంతులు, విరేచనాలు, కంటిపాప సూదిమొన అంత చిన్నదైపోవడం కనబడితే ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందుని అనుమానించాలి. దానికి అట్రోపిన్ అని విరుగుడు ఉంది. డాక్టరుకి ఏ మందో తెలిస్తేనే ఆ ఇంజెక్షను సమయానికి పడుతుంది.

ఆసుపత్రి బల్ల దగ్గర జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

“ఏమన్నా మందు నాకిందా?”

“అబ్బే, మా ఇంట్లో అట్టాంటియ్యేం లేవండి.”

ఆ మాట అంటున్న చొక్కాకే మందు వాసన కొడుతుంటుంది. ఎందుకంటారు అబద్ధం? కుక్క మీద ప్రేమ లేక కాదు, “నీ నిర్లక్ష్యమే” అంటారేమోనని సిగ్గు. ఆ సిగ్గుకి కుక్క ప్రాణం ఇచ్చుకుంటుంది. వ్యక్తిత్వం అంటూ ఏదైనా ఉంటే అది తేలేది ఆ బల్ల దగ్గరే. డబ్బా చేత్తో పట్టుకెళ్ళండి. దాని మీద వజ్రం ఆకారపు గుర్తు ఉంటుంది. కింది సగం ఎరుపైతే అన్నిటికంటే ఘాటు విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. విరుగుడు పేరు కూడా డబ్బాతో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. “నా బకెట్టే నాకింది సార్” అని చెప్పండి. మందు ఒంటి మీద పడి ఉంటే చేతులకి తొడుగులు వేసుకుని సబ్బుతో కడగండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం వద్దు.

మందుల దగ్గరికొద్దాం. ఒక్కసారి వచ్చి పోయిన మూర్ఛకి చాలాసార్లు వెంటనే మాత్రలు మొదలుపెట్టరు. ఆరు నెలల్లో రెండుసార్లు, అంతకు మించి వచ్చినా, ఒకేరోజు వరసగా వచ్చినా, ఐదు నిమిషాలు దాటినా మొదలుపెడతారు. ఎక్కువగా రాసేది ఫినోబార్బిటాల్. 1912లో హాప్ట్‌మన్ అనే జర్మన్ వైద్యుడు మనుషుల మూర్ఛకి పనికొస్తుందని కనిపెట్టిన మందు, వందేళ్ళు దాటినా కుక్కల విషయంలో ఇప్పటికీ ముందువరసలోనే ఉంది. మొదటి రెండు వారాలు కుక్క మత్తుగా ఉంటుంది, తూలుతుంది, దాహం, ఆకలి పెరుగుతాయి. “మందు పడలేదు” అని ఆపేస్తారు చాలామంది. ఉన్నట్టుండి ఆపితే మునుపటికంటే పెద్ద ఫిట్స్ వస్తాయి. మోతాదు తగ్గించాలన్నా, మార్చాలన్నా వైద్యుడే చెయ్యాలి. ఈ మందు కాలేయం మీద ప్రభావం చూపుతుంది కాబట్టి అప్పుడప్పుడు రక్తపరీక్ష తప్పదు. ఇంట్లో పెద్దాయనకి రాసిన ఫిట్స్ మాత్రలు సగం విరిచి వెయ్యకండి. తాయెత్తు కడితే కట్టండి, నాకేం అభ్యంతరం లేదు, మాత్ర మాత్రం మానొద్దు.

సాధారణంగా పన్నెండు గంటలకోసారి మాత్ర. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. వినడానికి సులువే. శివరాత్రికి ఇంటిల్లిపాదీ కోటప్పకొండ తిరునాళ్ళకి పోతే, ప్రభ దగ్గర అందరూ ఉంటే, రాత్రి ఎనిమిదింటి మాత్ర ఎవరు వేస్తారు? ఇది ముందే తేల్చుకోవాలి. “అందరం చూసుకుందాం” అన్న ఇంట్లో ఎవరూ చూసుకోరు. ఒక్కరి పేరు పెట్టండి. పదో తరగతి పిల్లవాడికి అప్పగించినా ఫరవాలేదు, పాఠాల్లో దొరకని బాధ్యత వాడికి అక్కడ అబ్బుతుంది.

వంటింటి గోడకి పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ రాసుకునే క్యాలెండరు ఉంటుంది గదా, ఆ గడిలోనే రాయండి: ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు, ముందు ఏం జరిగింది, తేరుకోవడానికి ఎంత పట్టింది, మాత్ర తప్పిందా. అమావాస్యకే వస్తుందని అత్తగారు అంటే వాదించకండి. అదే క్యాలెండరులో అమావాస్యలు అచ్చేసి ఉంటాయి, మూడు నెలల తర్వాత ఇద్దరూ కలిసి చూసుకోండి. నోటి మాటగా చెప్పే కథ కంటే ఆ గడులే వైద్యుడికి మోతాదు నిర్ణయించడానికి పనికొస్తాయి.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. చాలా కుక్కలకి మందులతో మూర్ఛలు తగ్గుతాయి, పూర్తిగా పోవడం తక్కువ. కొన్నిటికి రెండు మూడు మందులు వాడినా లొంగవు. ఇలాంటి కుక్కని పెంచేవాళ్ళు సరిగ్గా నిద్రపోరు, చిన్న చప్పుడుకి లేచి కూర్చుంటారు. “కుక్క కోసం ఇంత అవసరమా” అనే చుట్టాలకి జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోతారు. జవాబు చెప్పక్కర్లేదు. రాత్రి కాపలా ఇంట్లో ఇద్దరు వంతులేసుకోండి. మొదటి మూర్ఛ రాత్రి పుట్టిన “నావల్లే ఇదంతా” అన్న బాధని, పుట్టుకతో వచ్చిన జబ్బుకి అంటగట్టుకోకండి.

మాచర్ల నుంచి గుంటూరుకి వంద కిలోమీటర్లు పైమాటే, గన్నవరంలోని పశువైద్య కళాశాల ఇంకా దూరం. అర్ధరాత్రి ఫోన్లు చేస్తూ వెతుక్కునే సమయం ఉండదు. ఈ రోజే మీ ఊరి పశువైద్యుడి నంబరు, దగ్గర్లో రాత్రిపూట చూసే క్లినిక్ నంబరు ఫోనులో వేసుకోండి. 1962 కూడా. అది ముఖ్యంగా పాడిపశువుల కోసం పెట్టిన సంచార వైద్య వాహనం నంబరు, అయినా పగటిపూట అడిగి చూడటంలో తప్పు లేదు. ఇంట్లో వెయ్యడానికి అత్యవసర మందు ఏదైనా ఇస్తారేమో వైద్యుణ్ణి అడగండి. ఇప్పటికే మందు వాడుతుంటే మాత్రల పట్టీ తీసి లెక్కపెట్టండి. వారానికి సరిపడా లేకపోతే రేపు పొద్దున్నే తెప్పించండి.