బోటు లాగాలి, కరెంటు పోతే ఇల్లు నడవాలి

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇంటి మరమ్మతులు, తోటపనికి ఎలక్ట్రిక్ పికప్ కొనాలనుకుంటున్నాం. ఎండాకాలంలో బోటు కూడా లాగాలి. ఫోర్డ్ లైట్నింగ్ తీసుకోమంటారా, రివియన్ ఆర్1టీనా?

జవాబు: మీ అవసరాలకు లైట్నింగే నయం. దాని వెనక తొట్టి 5.5 అడుగులు, రివియన్‌ది 4.5. 8 అడుగుల ప్లైవుడ్ షీటు వేసి చూడండి, తేడా తెలుస్తుంది. లైట్నింగ్‌లో తొట్టి తలుపు దించితే షీటు చాలావరకు ఆనుతుంది. రివియన్‌లో అడుగు దాకా గాల్లో ఉంటుంది.

2021 ఫిబ్రవరి చలిలో టెక్సస్‌లో కరెంటు పోయిన రోజులు మీకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కొన్ని లైట్నింగ్ మోడళ్లు 9.6 కిలోవాట్ల వరకు కరెంటు ఇస్తాయి. ఫ్రిజ్జుకు ట్రక్కు ప్లగ్గు చాలు. ఇల్లంతా నడవాలంటే వేరే పరికరాలు, ఎలక్ట్రీషియన్ ఖర్చు తప్పవు.

అసలు తంటా బోటుతోనే. బరువు లాగితే ఏ ఎలక్ట్రిక్ ట్రక్కుకైనా రేంజ్ దాదాపు సగానికి పడిపోవచ్చు. లాగగలిగే గరిష్ఠ బరువు రివియన్‌కు 11,000 పౌండ్లు, లైట్నింగ్‌కు 10,000. ఆ అంకెలు చూసి మురిసిపోకండి. చాలా ఛార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పి పక్కన పెట్టాకే బండి పడుతుంది. పిల్లలు వెనక సీట్లో గోల చేస్తుంటే ఆ పని ఎంత సుఖమో ఊహించుకోండి! దగ్గరి చెరువైతే పరవాలేదు. ఏటా దూరాలు వెళ్తామంటే పెట్రోలు హైబ్రిడ్ చూడండి.

రాళ్ల దారుల్లో క్యాంపింగ్ మీ సరదా అయితే ఎత్తు పెంచుకోగల రివియనే తీసుకోమనేవాడిని. లైట్నింగ్ తయారీ ఆపుతున్నట్టు ఫోర్డ్ 2025 డిసెంబరులో ప్రకటించింది కాబట్టి, కొనేముందు బ్యాటరీ వారంటీ ఎంత మిగిలిందో రాయించుకోండి.