గేర్‌బాక్స్ దింపకముందే: ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ రంగంలో లోప నిర్ధారణ నైపుణ్యం

ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మరమ్మతును వృత్తిగా ఎంచుకోదలచిన ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు విప్పడం, కడగడం, అరిగిన భాగాలు మార్చి తిరిగి బిగించడం అనే పనినే ఆ విద్య సారమని భావించడం సహజమే గానీ, శుభ్రత, కొలతల పట్ల శ్రద్ధ ఉన్నవారికి ఆ పని కొన్నేళ్ల సాధనతో పట్టుబడుతుంది. ఒక మెకానిక్‌కు ఈ రంగంలో ప్రత్యేకమైన విలువ తెచ్చిపెట్టేది, రోడ్డు మీద అప్పుడప్పుడు కనిపించి షెడ్డుకు రాగానే మాయమయ్యే లోపానికి మూలం ఎక్కడున్నదో గేర్‌బాక్స్ దింపకముందే తేల్చగలగడం. పూర్తిగా ఓవర్‌హాల్ చేసిన ట్రక్కు గేర్‌బాక్సులో టార్క్ కన్వర్టర్ లాకప్ ఒకసారి పట్టి మరొకసారి పట్టకపోవడం అటువంటి లోపాలలో ముఖ్యమైనది. ఎందుకంటే అందులో విద్యుత్తు, ఆయిల్ ఒత్తిడి, యంత్రభాగాల అరుగుదల అనే మూడు శాస్త్రాలూ కలిసి ఉంటాయి.

టార్క్ కన్వర్టర్ అంటే ఇంజినుకూ గేర్‌బాక్సుకూ మధ్య మామూలు క్లచ్‌కు బదులుగా ఉండే, ఆయిల్ నిండిన గుండ్రని డొల్ల. ఇంజినుతో పాటు తిరిగే ఇంపెల్లర్ రెక్కలు ఆయిల్‌ను ఎదుటి టర్బైన్ రెక్కల మీదికి విసరగా, టర్బైన్ తిరిగి గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. శక్తిని మోసేది ఆయిల్ కనుక రెండింటి వేగాల మధ్య కొంత తేడా, అంటే స్లిప్, మిగిలే ఉంటుంది. అది వేడిగా మారి ఇంధనాన్ని వృథా చేస్తుంది. నిలకడ వేగంలో టర్బైన్‌ను డొల్ల ముందు గోడకు అదిమి పట్టి ఈ తేడాను తొలగించే రాపిడి ప్లేటే లాకప్ క్లచ్. ప్యాకార్డ్ కంపెనీ 1949లోనే ఇటువంటి ఏర్పాటు చేసినా, అమెరికాలో 1975 నాటి ఇంధన పొదుపు చట్టం తరువాతనే అది విస్తరించింది. క్రైస్లర్ 1978లో, జనరల్ మోటార్స్ 1982లో వచ్చిన 700ఆర్4 గేర్‌బాక్సులో దీన్ని వాడాయి. ఆ 700ఆర్4కు వారసురాలిగా 1993లో వచ్చి, షెవర్లే, జీఎంసీ పికప్ ట్రక్కులలో లక్షల సంఖ్యలో తిరిగిన 4ఎల్60-ఇ ఈ విషయాన్ని నేర్చుకోవడానికి మంచి పాఠం.

లాకప్ లేనప్పుడు ఆయిల్ ఇన్‌పుట్ షాఫ్ట్ మధ్యనున్న రంధ్రం గుండా ప్లేటు ముందువైపుకు చేరి దాన్ని గోడకు దూరంగా ఉంచుతుంది. కంప్యూటర్ ఆదేశంతో సోలినాయిడ్, అంటే విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే చిన్న కవాటం, పనిచేయగానే వాల్వ్ జరిగి ఆయిల్ దారి తిరగబడుతుంది, వెనుక నుంచి ఒత్తిడి వచ్చి ప్లేటు గోడను పట్టుకుంటుంది. అందువల్ల నిర్ధారణలో మొదటి ప్రశ్న ఒక్కటే: లాకప్ ఊడిన క్షణంలో ఆదేశం ఉన్నదా, లేదా? స్కానర్‌లో లాకప్ ఆదేశం, స్లిప్ వేగం, బ్రేక్ స్విచ్ స్థితి, థ్రాటిల్, ఉష్ణోగ్రత ఒకేసారి నమోదయ్యేలా పెట్టి, లోపం కనిపించేదాకా బండిని రోడ్డు మీద నడపడం తప్ప దీనికి అడ్డదారి లేదు. లాకప్ పట్టినట్టు తోచినప్పుడు బ్రేకు పెడల్‌ను కొద్దిగా తాకితే అది ఊడి ఇంజిను వేగం వెంటనే పెరగాలి. పెరగకపోతే అసలు పట్టనే లేదన్నమాట.

ఆదేశమే మధ్యలో ఆగిపోతుంటే తప్పు దాదాపు ఎప్పుడూ గేర్‌బాక్స్ బయటనే ఉంటుంది: సర్దుబాటు తప్పిన బ్రేక్ స్విచ్, ఇంజిను ఇంకా చల్లగా ఉందని చెప్పే ఉష్ణోగ్రత సెన్సర్, లూజ్ కాంటాక్ట్, తుప్పుపట్టిన ఎర్త్ వైరు. 1990లలోని కమిన్స్ డీజిల్ ఇంజిను గల డాడ్జ్ ర్యామ్ ట్రక్కులలో ఆల్టర్నేటర్ డయోడ్లు చెడినప్పుడు ఏసీ విద్యుత్తు అలలు థ్రాటిల్ సెన్సర్ సంకేతంలో కలిసిపోయేవి. డ్రైవరు కాలు కదపకపోయినా కంప్యూటర్ కదిపినట్టే భావించి లాకప్‌ను పదేపదే పట్టి వదిలేది. అటువంటి బండికి కొత్త గేర్‌బాక్స్ వేసినా ప్రయోజనం ఉండదు. ఇంజిను నడుస్తుండగా మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులలో ఉంచి బ్యాటరీ మీద కొలిస్తే కొద్ది నిమిషాల్లో బయటపడే ఈ కారణాన్ని వెతకకుండా గేర్‌బాక్స్ దింపడాన్ని వృత్తి లోపమనే అనాలి.

ఆదేశం నిలకడగా ఉండి కూడా స్లిప్ కనిపిస్తే లోపలికి దృష్టి మళ్లించాలి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది కనుక 20 డిగ్రీల వద్ద కొలిచిన సోలినాయిడ్ చుట్ట 100 డిగ్రీల వద్ద దాదాపు మూడో వంతు ఎక్కువ చూపడం సహజం; కానీ చల్లగా ఉన్నప్పుడు సరైన కొలత ఇచ్చి, వేడెక్కాక పూర్తిగా తెగిపోయే చుట్టలూ ఉంటాయి. చల్లని షెడ్డులో కొలిచి బాగుందనడం అందుకే చెల్లదు. ఇన్‌పుట్ షాఫ్ట్ చివరనున్న ఓ-రింగ్ బిగించేటప్పుడు చిన్న గాటు పడితే చిక్కని చల్లని ఆయిల్ దాన్ని దాచిపెడుతుంది, వేడికి పలుచనైన ఆయిల్ బయటపెడుతుంది.

ఓవర్‌హాల్ అయిన గేర్‌బాక్సులకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఓవర్‌హాల్ కిట్టులో క్లచ్ ప్లేట్లు, సీళ్లు, గ్యాస్కెట్లు కొత్తవి వస్తాయి గానీ, ఆయిల్ దారులను నియంత్రించే వాల్వ్ బాడీని చాలాచోట్ల కడిగి మళ్లీ అదే బిగిస్తారు. 1995 నుంచి 4ఎల్60-ఇలో లాకప్‌ను పల్సుల రూపంలో నియంత్రించడం మొదలైన తరువాత, నిరంతరం కదలాడే రెగ్యులేటర్ వాల్వ్ తన చుట్టూ ఉన్న అల్యూమినియం బోరును అరగదీసి, ఒత్తిడి కారిపోయేలా చేయడం ప్రసిద్ధమైన లోపం. కంప్యూటర్ దాన్ని పి1870 కోడుగా నమోదు చేసి, లైన్ ప్రెషర్, అంటే గేర్‌బాక్సులోని ప్రధాన ఆయిల్ ఒత్తిడి, పెంచి, లాకప్‌ను ఆపేస్తుంది. కాబట్టి యజమాని వచ్చి చెప్పేది లాకప్ సంగతి కాదు, గేరు మారేటప్పుడు గట్టిగా కొడుతోందని. కోడు చూడగానే చెరిపేసే అలవాటున్న మెకానిక్ ఇక్కడే దారి తప్పుతాడు. బోరును వాక్యూమ్‌తో పరీక్షించి, రీమర్‌తో పెద్దది చేసి, దానికి తగిన పెద్ద వాల్వ్ వేయడం సరైన మరమ్మతు. వీటన్నిటి తరువాతనే పాత కన్వర్టర్‌లోని రాపిడి పొరను అనుమానించాలి. దాని డొల్లను కోసి, మళ్లీ వెల్డింగ్ చేసి, సమతూకం చూడడం మామూలు షెడ్డు పని కాదు. డ్యాష్‌బోర్డు మీద మీట పెట్టి లాకప్‌ను బలవంతంగా పట్టించే ఉపాయం పరీక్షకు పనికొస్తుంది గానీ మరమ్మతు అనిపించుకోదు. మీట తీయడం మరచి బండి ఆపితే ఇంజిను ఆగిపోతుంది.

ఈ విద్యకు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న గిరాకీ పరిమితమన్నది విద్యార్థులు ముందే గ్రహించాలి, ఎందుకంటే భారతీయ ట్రక్కులలో అధిక భాగం మాన్యువల్ గేర్‌బాక్సులవే. కొత్తగా వస్తున్న ఏఎంటీలలోనూ, అంటే క్లచ్, గేర్లు వాటంతటవే మారే మాన్యువల్ గేర్‌బాక్సులలోనూ, సాధారణంగా టార్క్ కన్వర్టర్ ఉండదు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల భారీ డంపర్లు, ఆటోమేటిక్ కార్ల సర్వీస్ కేంద్రాలు, గల్ఫ్ దేశాలలో అమెరికన్ పికప్‌లను చూసే గ్యారేజీలు అసలైన అవకాశాలు. రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ఐటీఐ ట్రేడు, ఏడాది డీజిల్ మెకానిక్ ట్రేడు, లేదా పాలీసెట్ ద్వారా మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమా ఇందుకు పునాదులు. తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ పొందేటప్పుడు హైడ్రాలిక్ పటాలు, వైరింగ్ పటాలు చదవడం నేర్పే చోటును ఎంచుకోవడం, స్టైపెండ్ కొంత తక్కువైనా, లాభదాయకం. అమెరికాలో పనిచేయదలచినవారు మెకానిక్‌లకు ధ్రువపత్రాలిచ్చే ఏఎస్ఈ సంస్థ నిర్వహించే ఏ2 పరీక్షను, భారీ వాహనాల వైపు వెళ్లేవారు టీ3 పరీక్షను దృష్టిలో ఉంచుకోవచ్చు. ఆ ధ్రువపత్రానికి పరీక్షతో పాటు పని అనుభవమూ కావాలి, ఐదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి.